మనల్ని ఏమని అడిగారు?

2024 నవంబరులో రాష్ట్రమంతటా ఇంటింటి కుల సర్వే జరిగినప్పుడు ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూట నడిచాయి. మధ్యాహ్నం నుంచి మా టీచర్లం కాగితాల కట్టలు పట్టుకొని ఇళ్లకు వెళ్లాం. 56 ప్రధాన ప్రశ్నలు, 19 అనుబంధ ప్రశ్నలు, మొత్తం 75. అంతకు పదేళ్ల ముందు 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వేను ఒక్క రోజులో ముగించాం. ఇక 2027 జనగణనలో కులం వివరం కూడా రాస్తామని కేంద్రం ప్రకటించింది. ఆ పని కూడా ఎక్కువగా టీచర్ల మీదే పడుతుంది. జవాబు చెప్పేవాళ్లలో మన ఆదివాసులం ఉంటాం, రాసుకునేవాళ్లలోనూ ఉంటాం. ప్రశ్న తయారైన చోట మాత్రం మనం ఎప్పుడూ లేము. ఆ ప్రశ్నలు ఎట్లా పుట్టాయో, ఎట్లా మారాయో, ఒక్క మాట అటు ఇటు అయితే ఎంతమంది లెక్కలోంచి జారిపోయారో మన యువకులకు, తోటి టీచర్లకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము పని చేసేది ఎడపల్లి వైపు. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో ఉన్న ఊరు ఇది. సర్వే ప్రశ్న గట్టిదో కాదో తేలాలంటే ఇంతకు మించిన చోటు దొరకదు. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువ నీళ్లు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటాం. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టాక పనికోసం నాలుగు దిక్కుల నుంచి జనం చేరారు. ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. మంజీర అవతల మహారాష్ట్ర కాబట్టి మరాఠీ వాళ్లతో సంబంధాలు ఉన్నాయి. తండాలున్నాయి. జిల్లాలో నాయకపోడు వాళ్లున్నారు, ఎరుకల వాళ్లున్నారు. ఒకే కాగితం పట్టుకొని ఈ ఇళ్లన్నిటికీ పోతే, ఒకే ప్రశ్నకు ఒక్కో గడపలో ఒక్కో అర్థం పుడుతుంది.

మొదట పేరు సంగతి చూద్దాం, ఎందుకంటే మన తగాదాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

నిజాం రాజ్యంలో మొదటి జనాభా లెక్కలు 1881లో జరిగాయి. అప్పటి నుంచి ప్రతి పదేళ్లకు "మీ కులం ఏమిటి?" అన్న ప్రశ్న వేశారు. 1920లో సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద పెద్ద గ్రంథం అచ్చు వేశారు. అడిగింది ఆఫీసు, రాసుకుంది ఆఫీసు. మరి పేర్లు ఎవరివి? కొలాములను అడిగితే తమను కొలావర్ అంటారు. తెలుగు వాళ్లు వాళ్లను మన్నేవార్లు అన్నారు. గోండులు, కోయలు తమ భాషలో తమను కోయితూర్ అని చెప్పుకుంటారు. గోండు అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. లంబాడీలు తమలో తాము గోర్ అనుకుంటారు, బయటివాళ్లను కోర్ అంటారు. ఈ తెగల వాళ్లు ఎవరూ "మీ కులం ఏమిటి?" అన్న ప్రశ్నకు తమ పేరుతో జవాబు చెప్పలేదు. ఎదుటివాడికి అర్థమయ్యే పేరు చెప్పారు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. అడిగేవాడి చెవికి తగ్గట్టు జవాబు చెప్పడం అందరూ చేసే పనే.

1950 సెప్టెంబర్‌లో రాజ్యాంగంలోని 342వ అధికరణం కింద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి, షెడ్యూల్డు తెగల జాబితా తయారయ్యాక ఈ పేరుకు కొత్త బరువు వచ్చింది. అంతకు ముందు పేరు తప్పుపడితే పుస్తకంలో తప్పు. ఆ తర్వాత తప్పుపడితే హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగం పోయే తప్పు. హైదరాబాద్ రాష్ట్ర జాబితాలో గోండుల కిందనే నాయకపోడును, రాజ్‌గోండును చేర్చారు. కొలాముల కింద మన్నేవార్లను చేర్చారు. లంబాడీలు, ఎరుకలు ఆంధ్ర ప్రాంతంలో జాబితాలో ఉన్నారు, తెలంగాణ జిల్లాల్లో లేరు. 1976లో చట్టాన్ని సవరించాకే ఇక్కడ కూడా చేరారు. అందుకే 1971 లెక్కలకు, 1981 లెక్కలకు మధ్య తెలంగాణలో గిరిజన జనాభా ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ పెరుగుదల ప్రధానంగా జాబితా మారడం వల్ల వచ్చింది. ఈ జాబితా మీద ఆదివాసులకు, లంబాడీలకు మధ్య నలుగుతున్న వివాదం వేరే వ్యాసానికి సరిపోయే విషయం. ఇక్కడ మేము చెప్పేది ఒక్కటే. పట్టికలో అంకె పెరిగినా తగ్గినా ముందు ప్రశ్నను, జాబితాను చూడాలి. మన పిల్లలు పోటీ పరీక్షలకు ఈ అంకెలు బట్టీ పడతారు గాని దీన్ని ఎవరూ చెప్పరు.

మా బోధన్ ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. తండా పెద్దను నాయక్ అంటారు, చాలామంది లంబాడీల పేరు చివర నాయక్ ఉంటుంది. నాయకపోడు వేరే తెగ. తొందరలో ఉన్న ఎన్యూమరేటర్ రెండింటికీ "నాయక్" అని రాసేస్తే రెండు తెగలు ఒకే మాటలో కలిసిపోతాయి. రాథోడ్, పవార్, చవాన్, జాదవ్ అన్నవి లంబాడీల గోత్రాలు. అవే ఇంటిపేర్లు మరాఠీ కుటుంబాలకు కూడా ఉంటాయి. ఇంటిపేరు చూసి కులం ఊహించే అలవాటున్న మనిషి ఇక్కడ తప్పు రాయక తప్పదు. పైగా మంజీర దాటితే లెక్కే మారిపోతుంది. తెలంగాణలో లంబాడీలు షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో బంజారాలు విముక్త జాతుల కింద ఉన్నారు. అక్కాచెల్లెళ్లలో ఒకరిని ఇక్కడ, ఒకరిని నాందేడ్ వైపు ఇస్తే ఇద్దరి పిల్లల సర్టిఫికెట్ల మీద రెండు వేర్వేరు వర్గాలు ఉంటాయి. "మీరు ఎస్టీనా?" అని అడిగితే, పెళ్లయి అటు నుంచి ఇటు వచ్చిన ఆడబిడ్డ ఏం చెప్పాలి?

కాబట్టి పేరును మూడు ప్రశ్నలుగా విడగొట్టాలని మా అభిప్రాయం. మీలో మీరు మిమ్మల్ని ఏమంటారు? ఊళ్లో వాళ్లు మిమ్మల్ని ఏమంటారు? సర్టిఫికెట్ మీద ఏమని ఉంది? మూడు జవాబులు ఒకటే అయితే మంచిది. కాకపోతే ఆ తేడాయే మనకు కావలసిన చరిత్ర.

భాష దగ్గరికి వస్తే కథ ఇంకా విచిత్రంగా ఉంటుంది. 1961 లెక్కల్లో జనం చెప్పిన మాతృభాషల పేర్లను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తే 1,652 వచ్చాయి. 1971 నుంచి పదివేల మంది కంటే తక్కువ మాట్లాడే భాషలను విడిగా చూపించడం మానేశారు. చెప్పినవాళ్లు చెప్పారు, రాసినవాళ్లు రాశారు, పట్టికలో మాత్రం "ఇతరములు" అయిపోయింది. 2011 లెక్కల్లో గోండీ మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు, కొలామీ మాట్లాడేవారు లక్షా 28 వేలు. లంబాడీ చెప్పినవాళ్లు 32 లక్షల 76 వేల మంది. ఆ 32 లక్షల మందిని హిందీ కింద కలిపారు. హైదరాబాద్ దాకా కూడా పోయి ఎరుగని తండా ముసలవ్వ, హిందీ సినిమా పాట తప్ప హిందీ వినని మనిషి, దేశం పట్టికలో హిందీ మనిషి. అదే మన రాష్ట్రంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో, 2004 ప్రాంతంలో మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు గోండీ, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియాలతో పాటు బంజారాకు కూడా వేరే వాచకాలు వేశారు. వాచకం వేసేటప్పుడు వేరే భాష, లెక్క వేసేటప్పుడు హిందీ.

ఇక్కడ ఎన్యూమరేటర్ చేయగలిగింది కొంత ఉంది, చేయలేనిది కొంత ఉంది. హిందీ కింద కలపడం పైన జరిగే పని. కాని హిందీ కింద లంబాడీ అన్న విడి వరుస పట్టికలో ఇప్పటికీ ఉంది, దాని ఎదురుగా అంకె ఉంది. ఆ వరుస మిగిలింది జనం ఆ పేరు చెప్పినందుకు, ఎవరో దాన్ని అట్లాగే రాసినందుకు. "మీకు హిందీ వచ్చు కదా, హిందీ అని రాస్తా" అన్న చోట ఆ వరుస కూడా దక్కదు.

ప్రశ్నలోనే ఇంకో లోపం ఉంది. "మీ మాతృభాష ఏది?" అని అడిగితే మన పిల్లల్లో చాలామంది తెలుగు అంటారు. బడిలో మాట్లాడే భాష అడుగుతున్నారనుకుంటారు. "మీ నాయనమ్మ నీతో ఏ మాట మాట్లాడుతది?" అంటే జవాబు మారుతుంది. "జాతరలో పాట ఏ మాటలో పాడుతరు?" అంటే ఇంకోసారి మారుతుంది. అయితే ఇంట్లో వేరే భాష ఉంటేనే గిరిజనుడు అని లెక్క కట్టకూడదు. నాయకపోడు వాళ్లలో ఎక్కువ మంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ల గుర్తింపు లక్ష్మీదేవర ఆటలో, ముఖాలలో, డప్పులో ఉంది. భాష గడి ఒక్కటే పెట్టి తెగను పట్టుకోవాలనుకున్న సర్వేలో వాళ్లు కనిపించరు.

పని ప్రశ్న ఆడవాళ్లను ఎట్లా మాయం చేసిందో చూడండి. 1971 లెక్కల్లో "మీ ముఖ్యమైన పని ఏమిటి?" అన్న పద్ధతి పెట్టారు. ఇంటిపని ముఖ్యమని చెప్పిన ఆడవాళ్లంతా పనిచేయనివాళ్లు అయ్యారు. దేశమంతా పనిచేసే ఆడవాళ్ల సంఖ్య అమాంతం పడిపోయింది. 1981లో "గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా ఏదైనా పని చేశారా?" అని మార్చారు. 1991లో ఆ ప్రశ్నకే "సొంత పొలంలో, కుటుంబ వ్యాపారంలో కూలి లేకుండా చేసిన పనిని కూడా కలుపుకొని" అని చేర్చారు. మహిళా సంఘాలు, పరిశోధకులు ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన మాట అది. ప్రశ్నలో నాలుగు మాటలు చేర్చడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మా జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు వేలమంది ఉన్నారు. వాకిట్లో కూర్చొని, ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు ఆగవు. "ఏం పని చేస్తరక్కా?" అని అడగండి. "ఏం లేదు సారూ, ఇంట్లనే ఉంట" అంటుంది, చేతిలో బీడీ దారం కడుతూనే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్క. అది ఆమె దృష్టిలో పని కాదు, ఖాళీ లేకుండా ఉండటం. అందుకని "పని" అన్న మాటతో అడిగితే లాభం లేదు. బీడీలు చుడతారా, పత్తి ఏరతారా, నాటుకు పోతారా, చెరుకు కొడతారా, మేకలు కాస్తారా అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. చెరుకు పనిలో ఇంకో మాయ ఉంది. మహారాష్ట్ర చెరుకు ప్రాంతంలో ఆలుమగల జంటను కలిపి ఒక కోయితా అంటారు. కోయితా అంటే చెరుకు కొట్టే కత్తి. ఇద్దరు మనుషులు, ఒక కత్తి, ఒక లెక్క. ఆ పనికి పోయే జంటల్లో బంజారాలు చాలామంది. కోయితాకు ఎంత ఇచ్చారని అడిగితే ఆడమనిషి కూలి ఎంతో ఎన్నటికీ తేలదు.

మగవాళ్ల సంగతి కూడా చెప్పాలి. నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. ఆ తర్వాత కూడా బోధన్‌లో కొందరు పెద్దమనుషులను "మీ వృత్తి?" అంటే "ఫ్యాక్టరీ" అని చెప్తారు. మూతపడి ఏళ్లయినా ఆ మనిషి తనను ఫ్యాక్టరీ మనిషిగానే అనుకుంటున్నాడు. ఇప్పుడు చేస్తున్నది వాచ్‌మన్ పని కావచ్చు, ఆటో కావచ్చు. "వృత్తి" ఒక ప్రశ్న, "పోయిన నెల మీకు పైసలు ఏ పని మీద వచ్చాయి?" ఇంకో ప్రశ్న. రెండూ కావాలి.

వయసు ప్రశ్నకు పాత ఎన్యూమరేటర్లకు మంచి ఉపాయం ఉండేది. ముసలివాళ్లను ఏళ్లు అడిగితే అరవై, డెబ్బై అని గుండుగుత్తగా చెప్తారు. అందుకని ఊరి సంగతులతో ఒక పట్టిక రాసుకొని దాన్నిబట్టి అడిగేవాళ్లు. మా వైపు అయితే చక్కెర ఫ్యాక్టరీ మొదలైన ఏడు, రజాకార్ల కాలం, 1948 పోలీసు యాక్షన్, 1969 ఉద్యమం, ఇందిరాగాంధీ చనిపోయిన 1984. "అప్పటికి మీకు పెళ్లయిందా అవ్వా?" అంటే టక్కున చెప్తారు.

మతం గడిది పొడవైన చరిత్ర, కొద్దిగానే చెప్తాం. బ్రిటిష్ కాలం లెక్కల్లో ఆదివాసులకు "అనిమిస్టులు" అని ఒక గడి, 1931లో "గిరిజన మతం" అని ఒక గడి ఉండేది. 1951 నుంచి అది లేదు. ఆరు మతాల పేర్లు, ఆ తర్వాత "ఇతర" అన్న చోటు మిగిలాయి. ఆ "ఇతర" దగ్గర పేరు పూర్తిగా రాయించుకున్నవాళ్లు 2011లో లెక్కకు వచ్చారు. సర్నా అని 49 లక్షలకు పైగా, గోండు ధర్మం అని 10 లక్షలకు పైగా. అడగకుండానే టిక్కు పెట్టించుకున్నవాళ్లు ఎందరో మనకు తెలియదు. ఎవరు ఏ మతం అని రాయించుకోవాలో చెప్పడం మా పని కాదు. అడగకుండా రాయొద్దు అన్నదే మా మాట.

ఇక భయం సంగతి. ఈ విషయం సర్వే శిక్షణలో ఎవరూ చెప్పరు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలుగా నమోదు చేశారు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు తీసుకున్నారు. 1952లో ఆ చట్టం పోయింది. కాని "ఇంట్లో ఎంతమంది? బయటికి ఎవరు పోయిన్రు? ఎప్పుడు వస్తరు?" అన్న ప్రశ్నలు ఆ హాజరు ప్రశ్నలే. మన కాగితంలో కూడా అవే ఉన్నాయి, వరుసలో మొదటే ఉన్నాయి. ఈ ఇళ్లలో జవాబు ఆగిపోతే మనం "సహకరించలేదు" అని రాస్తాం. ముందు బడి సంగతి, పిల్లల సంగతి, నీళ్ల సంగతి అడిగి, ఇంటి మనుషుల లెక్కను తర్వాతకు జరిపితే ఏమవుతుంది? పక్కన ఊరి పెద్ద, భూమి ఆసామి, కల్లు కాంట్రాక్టరు నిలబడి ఉంటే అప్పు గురించి, కూలి గురించి అసలు అడగకూడదు. ఇంకోరోజు పోవాలి.

"మీ ఇంట్లో మద్యం అలవాటు ఉందా?" లాంటి ప్రశ్నలు కూడా అంతే. గోండులు పెర్సాపేన్‌కు ఇప్పసారా ధార పోస్తారు. ఆ ఇంటివాళ్లు ఉందని చెప్తే తాగుబోతుల లెక్కలో పడతారు, లేదని చెప్తే దేవుడి దగ్గర అబద్ధమవుతుంది. ప్రశ్న తయారు చేసినవాళ్లకు ఇది తట్టకపోవడంలో వింత లేదు, వాళ్లు ఆ పూజ చూడలేదు.

చూసి అడిగిన మనిషి ఒకరు మన చరిత్రలో ఉన్నారు కాబట్టి ఆయన పేరు చెప్పాలి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌ను పంపింది. ప్రశ్న సర్కారుదే, సర్కారు అవసరం కోసమే. కాని ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఇల్లు వేసుకొని ఉన్నారు. గోండీ నేర్చుకున్నారు. గోండులను "మీ గోత్రం?" అని అడగలేదు. నలుగురు దేవతల వాళ్లా, ఐదుగురా, ఆరుగురా, ఏడుగురా అన్న సగ లెక్కను వాళ్ల మాటల్లోనే పట్టుకున్నారు. పెళ్లి ఎవరితో కుదురుతుందో, ఎవరితో కుదరదో దాన్నిబట్టే తేలుతుంది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ శిక్షణ మొదలుపెట్టారు, గోండీలో వాచకాలు వేశారు. భూమి ఎవరి చేతిలోంచి ఎట్లా పోయిందో ఊరూరా అడిగి రాసిన రాతల వల్లనే వేలాది కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. ఆయన చెప్పినవన్నీ మేము ఒప్పుకోవాలని లేదు. జవాబు కోసం ఆగే ఓపిక మాత్రం ఆ రాతల్లో కనిపిస్తుంది.

ఇవన్నీ చదివాక మేము మా బడి పరిధిలో ఒక చిన్న ప్రశ్నల కాగితం తయారు చేసుకున్నాం. పిల్లలు ఇంట్లో ఏ మాట మాట్లాడతారు, తాతముత్తాతలు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పనికి వచ్చారు అన్నవి. ఇరవై ప్రశ్నలు రాసి పన్నెండుకు తగ్గించాం. తెలుగులో రాసి, తండా చదువుకున్న అమ్మాయితో గోర్‌బోలిలోకి, ఇంకొకరితో ఉర్దూలోకి మార్పించాం. ఆ మాటలు వేరే మనిషికి ఇచ్చి మళ్లీ తెలుగులో చెప్పమన్నాం. "వలస వచ్చారా?" అన్నది తిరిగి వచ్చేసరికి "పారిపోయి వచ్చారా?" అయింది. ఆ మాట తీసేసి "మీ పెద్దలు మొదట ఈ ఊరికి ఎందుకొచ్చిన్రు?" అని పెట్టాం. "ఇల్లు, భూమి ఉన్నాయా?" అన్నదాన్ని రెండుగా విడగొట్టాం. ఇల్లుండి భూమి లేనివాళ్లకు ఆ ప్రశ్నకు అవునూ కుదరదు, కాదూ కుదరదు. పది ఇళ్లలో అడిగి చూశాక ఇంకో రెండు మారాయి.

చివర్లో "మేము అడగనిది మీరేమైనా చెప్పాలా?" అని ఒక ఖాళీ వదిలాం. అందులో ఎక్కువ ఇళ్లలో రాయాల్సి వచ్చింది ఎదురు ప్రశ్నే: "ఇది రాసి ఎవరికిస్తరు సారూ?" ఇప్పుడు ఆ జవాబును కాగితం పైభాగాన, మొదటి ప్రశ్న కంటే ముందు, మూడు భాషల్లో రాశాం. ఈ వివరాలు బడి పుస్తకంలోనే ఉంటాయి, మండల ఆఫీసుకు పోవు, మీరు వద్దంటే మీ ఇంటి కాగితం మీకే తిరిగి ఇస్తాం.